నీకు అప్పగించినదేమిటి?

కొన్ని నెలల క్రితం ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని, అసర్ నమాజు తరువాత మస్జిదులో నన్ను కలిశారు. ఆయనకు ఊళ్ళో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. కొడుకు ఇంజనీరింగులో రెండేళ్ళు గడిపాడు. ఏడు సబ్జెక్టులు మిగిలిపోయాయి. ఇక కాలేజీకి వెళ్ళనని ఇంట్లో తెగేసి చెప్పాడు.

"మౌల్వీసాబ్! మీరు ఇస్తిఖారా చూసి చెప్పండి. వీణ్ణి ఆ చదువులోనే ఉంచమంటారా, దుకాణంలో కూర్చోబెట్టమంటారా, గల్ఫ్ పంపించమంటారా?" అని తండ్రి అడిగారు.

"నువ్వేమంటావు బేటా?" అని అబ్బాయిని అడిగాను. అతను చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. చివరికి, "నాకేం కావాలో నాకే తెలియడం లేదు హజ్రత్! అసలు నేను దేనికి పనికొస్తానో తెలియడం లేదు" అన్నాడు.

తండ్రి అడిగిన ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి పంపవచ్చు. కాని కొడుకు అడిగిన ప్రశ్న అలాంటిది కాదు. ఈ రోజుల్లో మన ఇళ్ళలో ఎందరో యువతీ యువకులు పైకి చెప్పకుండా లోలోపల అడుగుతున్న ప్రశ్న అది. ధర్మజ్ఞానం లేకపోతే ఈ ప్రశ్న మనిషిని నిరాశలోకి నెట్టగలదు. ధర్మజ్ఞానం ఉంటే ఇదే ప్రశ్న అతని జీవితానికి దారి చూపగలదు. కనుక దీన్ని కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

లక్ష్యం వేరు, వృత్తి వేరు

ముందుగా మనం కలగాపులగం చేస్తున్న రెండు విషయాలను విడదీసుకోవాలి. నేను ఎందుకు పుట్టాను అన్నది ఒక ప్రశ్న. నేను ఏ పని చేసి బ్రతకాలి అన్నది మరో ప్రశ్న.

మొదటి ప్రశ్నకు జవాబు మనం వెతుక్కోవలసిన పనిలేదు. జిన్నాతులను, మానవులను తన దాస్యం కోసమే సృష్టించానని అల్లాహ్ దివ్యఖుర్ఆన్‌లో స్పష్టం చేశాడు (51:56). ఈ లక్ష్యం వైద్యునికీ, రిక్షా తొక్కేవానికీ, ఇంట్లో పిల్లల్ని పెంచే తల్లికీ ఒక్కటే. దీనికి ప్రవేశ పరీక్ష లేదు. ర్యాంకు లేదు. దీన్ని ఎవరూ మన చేతిలోనుంచి లాక్కోలేరు.

రెండో ప్రశ్న దారికి సంబంధించినది. దారులు అనేకం. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఉంటుంది. గమ్యం మాత్రం మారదు. నేడు జరుగుతున్న పొరపాటు ఏమిటంటే, దారినే గమ్యం అనుకుంటున్నాం. ఫలానా సీటు, ఫలానా ఉద్యోగం, ఫలానా దేశపు వీసా రాకపోతే జీవితమే లేదని పిల్లలు నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని వారికి నూరిపోసింది కూడా మనమే.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పసివాళ్ళను నిందించే ముందు మనం మనల్ని ప్రశ్నించుకోవాలి. మన ఇంట్లో ఒక బిడ్డ తప్పితే, ఆ రాత్రి అన్నం దగ్గర అతనితో మనం మాట్లాడే మొదటి మాట ఏమిటి? పరీక్షలో తప్పినవాడు దారిలో ఒక మలుపు తప్పాడంతే. అతను అల్లాహ్ దాసుడుగానే ఉన్నాడు. ఆ హోదా నిన్నటిలాగే ఈ రోజూ చెక్కుచెదరలేదని అతనికి చెప్పేవారు ఇంట్లో ఉండాలి.

తనను తాను ఎరగడం అంటే?

తనను తెలుసుకున్నవాడు తన ప్రభువును తెలుసుకుంటాడనే మాట మన ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. కొందరు దీన్ని హదీసు అని కూడా చెబుతుంటారు. అయితే ఇది దైవప్రవక్త (స) ప్రవచనంగా రుజువు కాలేదని ఇమామ్ నవవీ (రహ్మ) వంటి పండితులు తెలియజేశారు. పండితులు దీనికి మంచి అర్థాలే చెప్పారు గాని, దివ్యఖుర్ఆన్ మనకు దీనికంటే గట్టి ఆధారాన్ని ఇస్తోంది. అల్లాహ్‌ను మరచిపోయినవారి మాదిరిగా కావద్దని, అలాంటివారు తమను తామే మరచిపోయేలా అల్లాహ్ చేశాడని హష్ర్ సూరా హెచ్చరిస్తోంది (59:19).

ఈ ఆయత్‌ను ఒకసారి ఆలోచించి చూడండి. మనిషి తనను తాను మరచిపోవడమేమిటి? తన పేరు, ఊరు, బ్యాంకు ఖాతా నంబరు అందరికీ గుర్తే ఉంటాయి. మరచిపోయేది ఏమిటంటే, తాను ఎవరి సొత్తు, తనకు ఇచ్చినవి ఎవరి సొత్తు, రేపు లెక్క అడిగేది ఎవరు అన్న సంగతి. ఇది మరచిపోయినవాడు తన గురించి ఎంత ఆలోచించినా అతని ఆలోచన రెండు విషయాల చుట్టే తిరుగుతుంది: నాకు ఏది ఇష్టం? నన్ను చూసి నలుగురూ ఏమనుకుంటారు?

కొంతకాలంగా వ్యక్తిత్వ వికాసం పేరుతో పుస్తకాలు, శిక్షణా తరగతులు విరివిగా వచ్చాయి. వాటిలో క్రమశిక్షణ, సమయపాలన వంటి మంచి మాటలు లేకపోలేదు. కాని వాటిలో చాలావాటి సారాంశం నీ మనసుకు నచ్చిన పని చెయ్యి అన్నదే. విశ్వాసికి ఈ మాట సరిపోదు. ఎందుకంటే మనసుకు నచ్చేవాటిలో మేలూ ఉంటుంది, కీడూ ఉంటుంది. మనం అయిష్టపడేదానిలో మనకు మేలు ఉండవచ్చని, ఇష్టపడేదానిలో కీడు ఉండవచ్చని ఖుర్ఆన్ బోధిస్తోంది (2:216). మనోవాంఛనే దైవంగా చేసుకున్నవాని గతిని కూడా అది వర్ణించింది (45:23).

కనుక ఇస్లాం దృష్టిలో తనను తాను ఎరగడమంటే మనసు కోరికల జాబితా రాసుకోవడం కాదు. తనకు అప్పగించిన అమానతును లెక్క చూసుకోవడం. దుకాణం అప్పజెప్పి యజమాని ప్రయాణం వెళితే, నమ్మకస్తుడైన గుమాస్తా మొదట చేసే పని ఏమిటి? అల్మారాలు తెరిచి సరుకు ఎంత ఉందో చూసుకుంటాడు. నాకు ఏ సరుకు ఇష్టం అని ఆలోచించడు. అదే విధంగా మన బుద్ధి, బలం, గొంతు, చేతి నేర్పు, ఓర్పు, పెరిగిన పరిసరాలు, తెలిసిన భాషలు అన్నీ అప్పగింతలే. ఏది ఉందో, ఏది లేదో నిజాయితీగా చూసుకోవడమే ఆత్మపరిశీలన.

దైవప్రవక్త (స) మనుషులను గుర్తించిన తీరు

ఈ విషయంలో దైవప్రవక్త (స) ఆచరణ మనకు అద్దం పడుతుంది. అజాన్ పలుకులను స్వప్నంలో చూసినవారు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి). అంతటి భాగ్యం దక్కింది గనుక తొలి అజాన్ ఆయనే పలకాలని మనమైతే అనుకుంటాం. కాని ఆ పలుకులను బిలాల్‌కు నేర్పమని, ఆయన స్వరం మీ స్వరం కన్నా బాగా వినిపిస్తుందని దైవప్రవక్త (స) ఆదేశించారు (అబూ దావూద్). కల ఒకరిది, గొంతు ఇంకొకరిది. ఇద్దరికీ పుణ్యమే. హజ్రత్ అబ్దుల్లాహ్ చిన్నబోలేదు, దగ్గరుండి నేర్పించారు.

హజ్రత్ అబూ జర్ (రజి) గారి సంఘటన ఇంకా ఆలోచింపజేస్తుంది. సత్యం పలకడంలో ఆయనకు సాటి లేరని దైవప్రవక్తే (స) మెచ్చుకున్నారు (తిర్మిజీ). అలాంటి అబూ జర్ (రజి) తనకు ఏదైనా పదవి అప్పగించమని కోరినప్పుడు దైవప్రవక్త (స) ఆయన భుజం తట్టి, నీవు ఈ విషయంలో బలహీనుడవని, పదవి ఒక అమానత్ అని, దాని హక్కు నెరవేర్చనివారికి ప్రళయదినాన అది అవమానంగా, పశ్చాత్తాపంగా మారుతుందని నచ్చజెప్పారు. ఇద్దరి మీద కూడా నాయకుడివి కావద్దని, అనాథ ఆస్తి బాధ్యత తీసుకోవద్దని ఇంకో ఉల్లేఖనంలో ఉంది (ముస్లిమ్).

గమనించండి! ఇక్కడ లోపం దైవభక్తిలో లేదు, నిజాయితీలో లేదు. ఒక ప్రత్యేకమైన పనికి కావలసిన సామర్థ్యంలో మాత్రమే ఉంది. ఒక పనికి తగకపోవడం పాపం కాదు, అవమానం కాదు. తగని పనిని నెత్తిన వేసుకోవడంలోనే ప్రమాదముంది. మన పిల్లవాడికి గణితం రాకపోతే అతను మందమతి అని ముద్ర వేసే ముందు అబూ జర్ (రజి) గారిని గుర్తు చేసుకోవాలి.

బలం, నమ్మకం: రెండు కొలమానాలు

ఒక పనికి ఎవరు తగినవారో నిర్ణయించడానికి ఖుర్ఆన్ రెండు కొలమానాలు చూపింది. మద్‌యన్‌లో ఒక అమ్మాయి హజ్రత్ మూసా (అ)ను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇస్తూ, పనికి పెట్టుకోదగినవారిలో ఉత్తముడు బలవంతుడు, నమ్మకస్తుడు అని చెప్పింది (28:26). ఖవీ, అమీన్ అన్నవి ఆ రెండు పదాలు. హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టు రాజును ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని అడిగినప్పుడు, తాను కాపాడేవాడినని, తెలిసినవాడినని చెప్పుకున్నారు (12:55). హఫీజ్, అలీమ్ అన్నవి ఆయన వాడిన పదాలు. రెండు చోట్లా ఒకటి సామర్థ్యం, మరొకటి విశ్వసనీయత.

తన గురించి తాను చెప్పుకోవడం గొప్పలకు పోవడం కాదా అని కొందరికి సందేహం వస్తుంది. యూసుఫ్ (అ) అడిగింది తన సుఖం కోసం కాదు. కరువు ముంచుకొస్తోంది. దాన్ని ఎదుర్కొనే తెలివి తన వద్ద ఉందని ఆయనకు తెలుసు. ఉన్నదాన్ని లేదనడం వినయం కాదు, అమానతును దాచిపెట్టడం అవుతుంది. లేనిదాన్ని ఉందనడం మోసం అవుతుంది. మన సర్టిఫికెట్లలో, ఇంటర్వ్యూల్లో ఈ రెండో తప్పు ఎంత మామూలైపోయిందో మీకు తెలియనిది కాదు.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఉదంతం ఈ రెండు కొలమానాలకు ఉదాహరణగా నిలుస్తుంది. దైవప్రవక్త (స) మదీనా వచ్చేనాటికి ఆయన ఇంకా బాలుడు. చురుకైన జ్ఞాపకశక్తి ఉన్న ఆ కుర్రవాణ్ణి దైవప్రవక్త (స) యూదుల లిపి నేర్చుకోమన్నారు. అర్ధ మాసంలోనే నేర్చుకున్నానని ఆయనే చెప్పారు (తిర్మిజీ). తరువాత హజ్రత్ అబూ బక్ర్ (రజి) కాలంలో ఖుర్ఆన్‌ను ఒక్కచోట సంకలనం చేసే మహత్కార్యం వచ్చినప్పుడు ఖలీఫా ఆయననే పిలిపించారు. నీవు యువకుడివి, తెలివైనవాడివి, నీ మీద మాకు ఏ అనుమానమూ లేదు, దైవప్రవక్త (స) కోసం వహీ రాసేవాడివి అని కారణాలు కూడా వివరించారు (బుఖారీ). శక్తి, నమ్మకం, అనుభవం మూడూ ఆ మాటల్లో ఉన్నాయి.

మరి జైద్ (రజి) సంబరంతో ఎగిరి గంతేశారా? లేదు. ఒక పర్వతాన్ని కదిలించమని చెప్పినా తనకు ఇంత బరువుగా అనిపించేది కాదన్నారు. కాబట్టి మనకు తగిన పని ఎప్పుడూ సరదాగా, తేలికగా ఉంటుందని అనుకోవద్దు. సామర్థ్యం ఉన్నవానికే బాధ్యత బరువు తెలుస్తుంది. కష్టంగా ఉందన్న ఒక్క కారణంతో పనిని వదిలేయడం ఆత్మజ్ఞానం కాదు.

తల్లిదండ్రులతో ఒక మాట

ఇక తల్లిదండ్రుల విషయానికి వద్దాం. సంతానం తల్లిదండ్రుల పట్ల సద్వ్యవహారం చేయాలన్నది అల్లాహ్ ఆజ్ఞ. దానిలో రాజీ లేదు. అయితే సంతానం తల్లిదండ్రుల సొత్తు కాదు. సంతానం కూడా అమానతే. మనం సాధించలేని కోరికను బిడ్డ భుజాల మీద మోపి, దానికి తల్లిదండ్రుల హక్కు అని పేరు పెట్టడం న్యాయం కాదు.

ఇమామ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) పిల్లల పెంపకం గురించి రాసిన తుహ్ఫతుల్ మౌదూద్ గ్రంథంలో ఈ అంశాన్ని ప్రస్తావించారు. బిడ్డ ఏ పనికి సిద్ధమై ఉన్నాడో తండ్రి కనిపెట్టాలని, ధర్మం అనుమతించినంత వరకు అతన్ని వేరే పనికి బలవంతపెట్టవద్దని, తగని పనిలో పెడితే అందులో రాణించకపోగా తనకు తగిన దానిని కూడా పోగొట్టుకుంటాడని ఆయన సలహా సారాంశం. ఆయన 1350లో మరణించారు. ఆరున్నర శతాబ్దాలు గడిచిపోయినా ఆ మాట నిన్న మన వీధిలో జరిగిన సంఘటన చూసి రాసినట్టే ఉంది.

మరోవైపు, పిల్లలు కూడా తల్లిదండ్రుల వైపునుంచి ఆలోచించాలి. అప్పుల వాయిదా తేదీ తెలిసిన తండ్రి, నెలాఖరుకు బియ్యం డబ్బా అడుగు చూసిన తల్లి భయపడి మాట్లాడతారు. ఆ భయం వెనుక ప్రేమ ఉంది.

ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) జీవితచరిత్రలో వచ్చే ఒక కథనం ఈ రెండు వైపులనూ కలిపి చూపుతుంది. ఆయన పేద కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో కూఫాలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) విద్యాసభకు వెళ్ళేవారు. అబూ హనీఫాకు తిండికి లోటు లేదని, మనకు మాత్రం బ్రతుకుతెరువు కావాలని తండ్రి చెప్పడంతో ఆయన రావడం తగ్గించారు. ఇమామ్ గారు కారణం అడిగి తెలుసుకున్నారు. తండ్రిని తప్పుపట్టలేదు. సహనం మీద ప్రసంగమూ చేయలేదు. నూరు దిర్హములున్న సంచి చేతిలో పెట్టి, సభను విడవవద్దని, ఇవి అయిపోతే చెప్పమని అన్నారు. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, కితాబుల్ ఖరాజ్ గ్రంథం రాశారు.

ఇమామ్ అబూ హనీఫా స్వయంగా బట్టల వ్యాపారి. వ్యాపారంలో సంపాదించినది విద్యార్థి చేతిలోకి వెళ్ళింది. మన సముదాయంలో స్థోమత ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పేదవాని బిడ్డకు నీ ప్రతిభను వృథా చేసుకోకు అని సలహా ఇవ్వడం తేలిక. ఆ సలహాతో పాటు సంచి కూడా విప్పగలమా?

సమాజం అవసరం కూడా ఒక పిలుపే

మన సామర్థ్యాన్ని చూసుకున్న తరువాత చూడవలసిన రెండో వైపు, చుట్టూ ఉన్నవారి అవసరం. కొన్ని పనులను షరీఅత్ ఫర్జె కిఫాయాగా పరిగణిస్తుంది. సమాజంలో తగినంత మంది వాటిని నెరవేరిస్తే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ చేయకపోతే అందరూ దోషులవుతారు.

ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యా ఉలూముద్దీన్‌లో తన కాలపు పండితులను ఇదే విషయంలో నిలదీశారు. ఎన్నో పట్టణాల్లో ముస్లిమేతరులు తప్ప వైద్యులే లేరని, అయినా ఎవరూ వైద్యం వైపు వెళ్ళక అందరూ ఫిఖహ్ వివాదాల వైపే ఎగబడుతున్నారని బాధపడ్డారు. రెండూ ఫర్జె కిఫాయాలే అయినప్పుడు ఒకదాని మీదే ఇంత మోజు ఎందుకంటే, దాని ద్వారా పదవులు, వక్ఫుల మీద అధికారం దొరుకుతాయి గనుక అని కారణం కూడా చెప్పారు. ఆయన మరణించింది 1111లో. నేడు ఫిఖహ్ స్థానంలోకి కంప్యూటరు కోర్సు వచ్చింది గాని, గుంపుగా ఒకేవైపు పరుగెత్తే జబ్బు మారలేదు.

మన తెలుగు ప్రాంతాల్లోని ముస్లిం బస్తీలను చూడండి. లేడీ డాక్టరు, నర్సు, చట్టం తెలిసిన వకీలు, సహనంతో చెప్పే పంతులు, నమ్మకంగా పనిచేసే కరెంటు మెకానిక్ అందరూ కావాలి. ఉర్దూ చదవలేని మన పిల్లలకు మంచి తెలుగులో ధర్మం వివరించగలిగేవారు మరీ కావాలి. అమ్మాయిల విషయంలో కూడా ఈ ఆలోచన వర్తిస్తుంది. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పారు (అబూ దావూద్). ఆ విద్య ఒక మహిళ నుంచి మరో మహిళకు అందింది. ధార్మిక హద్దుల్లో ఉంటూ ఇలాంటి సేవ చేయగల ఆడపిల్లను ఏ ఆలోచనా లేకుండా ఆపేయడం, సమాజానికి అందవలసిన అమానతును ఆపేయడమే.

ఎంచుకునే అవకాశమే లేనివారు

ఇంతవరకు చదివిన ఒక సోదరుడు, ఇదంతా అవకాశాలు ఉన్నవారి సంగతి గదా, తండ్రి మంచాన పడితే పద్నాలుగో ఏట మెకానిక్ షెడ్డులో చేరిన నాబోటివాడి మాటేమిటి అని అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న.

హజ్రత్ యూసుఫ్ (అ) బానిసగా అమ్ముడుపోవడాన్ని ఎంచుకోలేదు. చెరసాలలో పడటాన్ని అవమానంగా భావించి చేతులు ముడుచుకోలేదు. తోటి ఖైదీలు కలల అర్థం అడిగితే చెప్పారు, అల్లాహ్ ఏకత్వం వైపు పిలిచారు. ధాన్యాగారాల అధికారి కాకముందే, ఖైదీగా ఉన్నప్పుడే ఆయన తన అమానతు హక్కు చెల్లిస్తున్నారు. అల్లాహ్ ప్రవక్త జకరియ్యా (అ) వడ్రంగి అని హదీసులో ఉంది (ముస్లిమ్). మన ప్రవక్త (స) కొద్దిపాటి కూలికి మక్కావారి గొర్రెలు కాశానని చెప్పుకున్నారు (బుఖారీ). హలాల్ శ్రమలో చిన్న పని అంటూ లేదు.

సంపాదన తప్పనివారికి హజ్రత్ ఉమర్ (రజి) ఒక మార్గం చూపారు. ఆయన, ఆయన పొరుగున ఉండే అన్సారీ వంతులు వేసుకున్నారు. ఒక రోజు ఒకరు దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి విన్నది ఇంకొకరికి చెప్పేవారు, మరుసటి రోజు రెండోవారు వెళ్ళేవారు (బుఖారీ). రోజంతా విద్యకు ఇవ్వలేనివారు రోజు విడిచి రోజు ఇచ్చారు. షెడ్డులో పనిచేసే యువకుడు రాత్రి ఒక గంట చదువుకి, శుక్రవారం ఒక పూట నేర్చుకోవడానికి కేటాయిస్తే అదీ ఒక దారే. దారి సన్నగా ఉండవచ్చు గాని మూసుకుపోలేదు.

పని మారాలా, సంకల్పం మారాలా?

ఇప్పటికే ఉద్యోగంలో స్థిరపడి, మనసులో తృప్తి లేనివారూ మనలో ఉన్నారు. వీరు ఇమామ్ గజాలీ (రహ్మ) స్వీయకథను తెలుసుకోవాలి. బగ్దాద్ నిజామియా విద్యాలయంలో ఆయనది అత్యున్నత స్థానం. 1095లో ఆయన తన సంకల్పాన్ని పరిశీలించుకుంటే, బోధన వెనుక ఉన్నది అల్లాహ్ ప్రసన్నత కాదు, పేరు ప్రతిష్ఠలే అని తేలింది. సుమారు ఆరు నెలలు ఉండాలా వదలాలా అని నలిగిపోయారు. చివరికి తరగతిలో నోట మాట రాని స్థితి వచ్చింది. అన్నీ వదిలి వెళ్ళిపోయారు. దాదాపు పదకొండేళ్ళ తరువాత నీషాపూర్‌లో మళ్ళీ బోధనే ప్రారంభించారు. వృత్తి పాతదే, సంకల్పం కొత్తది.

అందరూ ఉద్యోగాలు వదిలి వెళ్ళాలని దీని భావం కాదు. పని హరామ్ అయితే వదలవలసిందే, అందులో సందేహం లేదు. పని హలాల్ అయి, తృప్తి మాత్రమే లేకపోతే, లోపం పనిలో ఉందా, మన నియ్యత్‌లో ఉందా అని ముందు తేల్చుకోవాలి.

ఇస్తిఖారా ఎవరు చేయాలి?

ఇక మొదట చెప్పిన తండ్రి కోరిక విషయం. ఇస్తిఖారా అంటే మౌల్వీసాబ్ కల చూసి చెప్పే జోస్యం కాదు. దైవప్రవక్త (స) దాన్ని తమ సహచరులకు ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు (బుఖారీ). పని తలపెట్టినవారే ఫర్జ్ కాని రెండు రకాతులు చదివి దుఆ చేయాలన్నది ఆ హదీసు. కల ప్రస్తావన అందులో లేనే లేదు. ఆ దుఆలో దాసుడు నీకు తెలుసు, నాకు తెలియదు అని ఒప్పుకుంటాడు. ఆ పని తన ధర్మానికి, తన జీవనోపాధికి, తుది ఫలితానికి మంచిదైతే సులభం చేయమని, కాకపోతే దూరం చేయమని, ఎక్కడ మేలు ఉందో అది ప్రసాదించి దానితో తృప్తిపరచమని వేడుకుంటాడు. జీవనోపాధి అన్న మాట ఆ దుఆలోనే ఉందని ఎంతమందికి తెలుసు?

అయితే ఇస్తిఖారా ఆలోచనకు బదులు కాదు. ఆలోచన, మష్వరా, ఇస్తిఖారా మూడూ కలిసి నడవాలి. ఆలోచన కోసం ఈ ప్రశ్నలను కాగితం మీద రాసుకుని జవాబు వెతకవచ్చు:

ఒకటి: నేను చేయదలచిన పని, దాని రాబడి హలాల్‌యేనా?

రెండు: ఏ పనిలో నలుగురు నన్ను నమ్మి అడుగుతున్నారు? మన సామర్థ్యం మనకన్నా ముందు ఇతరులకు కనిపిస్తుంది.

మూడు: ఏ పనిలో కష్టం వచ్చినా మళ్ళీ మళ్ళీ దాని దగ్గరికే వెళుతున్నాను?

నాలుగు: నా మీద ఆధారపడినవారి హక్కు ఈ పనితో తీరుతుందా? తీరడానికి ఎంత కాలం పడుతుంది?

ఐదు: ఈ పని వల్ల నా చుట్టూ ఉన్నవారి ఏ అవసరం తీరుతుంది?

ఆ అబ్బాయికి కూడా ఈ ప్రశ్నలే ఇచ్చాను. తండ్రితో, "భాయ్! ఇస్తిఖారా అబ్బాయే చేసుకోవాలి, మీరు అతని కోసం దుఆ చేయండి. వారం రోజులు చదువు మాట ఎత్తి కోప్పడకండి" అని మాత్రం చెప్పాను.

పది రోజుల తరువాత ఇద్దరూ వచ్చారు. కాగితం నిండా రాసి ఉంది. రెండో ప్రశ్న కింద ఒక వాక్యం చూసి నేను ఆగిపోయాను. సెలవుల్లో మా మస్జిదు మక్తబ్‌కు వచ్చే పిల్లలు లెక్కలు చెప్పించుకోవడానికి తన దగ్గరికే వస్తారని రాశాడు. ఇది రోజూ నా కళ్ళ ముందే జరిగింది. నేనూ గమనించలేదు. "ఇంజనీరింగు లెక్కలు రానివాడు పిల్లలకు లెక్కలేం చెబుతాడు?" అని తండ్రి అడిగారు. "తప్పినవాడికి ఎక్కడ తప్పుతామో తెలుసబ్బా!" అన్నాడు కొడుకు. తండ్రి నవ్వలేదు, కోప్పడనూ లేదు. కాగితం తీసుకుని మళ్ళీ మొదటినుంచి చదివారు. తరువాత, పంతులు కావడానికి ఏం చదవాలి, ఎన్నేళ్ళు పడుతుంది అని కొడుకునే అడిగారు. ఆ ఇంట్లో అది మష్వరాకు ఆరంభం. ఇంకా ఏదీ తేలలేదు. డిగ్రీలో చేరుతూ సాయంత్రాలు దుకాణంలో పనిచేయాలన్నది ప్రస్తుతానికి వారి ఆలోచన. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది.

సోదర సోదరీమణులారా! ప్రళయదినాన ఐదు విషయాల గురించి లెక్క చెప్పనిదే ఆదం కుమారుని పాదాలు కదలవని దైవప్రవక్త (స) తెలియజేశారు: జీవితాన్ని ఎలా గడిపాడు, యౌవనాన్ని దేనిలో ఖర్చుచేశాడు, ధనాన్ని ఎలా సంపాదించాడు, దేనిలో వ్యయం చేశాడు, తెలిసినదాన్ని ఎంతవరకు ఆచరించాడు (తిర్మిజీ). ఏ కాలేజీలో సీటు వచ్చింది, ఏ పదవి దక్కింది అన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు. నీకు అప్పగించినదాన్ని ఏం చేశావు అన్నదే ఆ ఐదింటి సారం. రేపు అడగబోయే ఈ ప్రశ్నను ఈ రోజే మనల్ని మనం అడుగుదాం. మన పిల్లలు నిర్భయంగా అడుక్కునే వాతావరణం ఇంట్లో కల్పిద్దాం.

అల్లాహ్ మన సంతానానికి హలాల్ ఉపాధిని, ప్రయోజనకరమైన విద్యను, దొరికినదానిలో తృప్తిని ప్రసాదించుగాక! తనను మరచి తమను తామే మరచిపోయినవారిలో మనల్ని చేర్చకుండుగాక! ఆమీన్.